కలాపములందలి పరిహాసము : స్త్రీ పాత్రము, సామాజికుని నవ్వు

హాస్యరసమును గూర్చి భరతుడు చేసిన విభాగములు రెండు కలవు. తాను నవ్వునది ఆత్మస్థము, ఇతరుని నవ్వించునది పరస్థము అనునది యొకటి. స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అను ఆఱు భేదములను ఉత్తమ మధ్యమాధమ ప్రకృతులకు రెండేసి చొప్పున పంచుట రెండవది. ఈ రెండింటను నవ్వువాడెవడు, ఎట్లు నవ్వును అను విచారమే ప్రధానము. ఆ నవ్వు ఎవరిపై పడుచున్నది అను ప్రశ్న ప్రత్యేకముగ విచారింపబడలేదు. స్త్రీని చిన్నచూపు చూచు లోకరీతిని వస్తువుగ గొన్న పరిహాస రూపకములను పరిశీలించునపుడు మాత్రము ఈ ప్రశ్నను తప్పించుకొనుట సాధ్యము కాదు.

స్త్రీని తక్కువ చేయు లోకమును పరిహసించు రచన యొకటి. స్త్రీనే పరిహసించు రచన మఱియొకటి. గ్రంథమును చేత బట్టి చదువుకొనునపుడు ఈ భేదము స్పష్టముగనే గోచరించును. రంగస్థలమున అట్లు కాదు. ఒకే మాటకు ముందు వరుసలోని వారు ఆచారమును చూచి నవ్వవచ్చును. వెనుక వరుసలోని వారు ఆ ఆచారమునకు లోబడిన ఇల్లాలిని చూచి నవ్వవచ్చును. కవి ఉద్దేశ మేమైనను, నవ్వు పుట్టిన పిదప అది సామాజికుని సొత్తు. కాబట్టి ఇట్టి రూపకముల గుణదోషములను నిర్ణయించునపుడు పరిహాసమునకు గుఱియైన పాత్రమునకు ప్రత్యుత్తర మిచ్చు అవకాశము కలదా, ఆ ప్రత్యుత్తరమును సభ వినునట్లు చేయు సాధనము రంగముపై నున్నదా అను రెండు విషయములను చూడవలసి యున్నది. ఈ వ్యాసమున కృష్ణాతీరపు కూచిపూడి కలాపములను ఆధారముగ గొని ఈ విషయమును నిరూపింప బూనుచున్నాను.

కూచిపూడి పూర్వపు దివి తాలూకాలోనిది. పామఱ్ఱు నుండి చల్లపల్లికి పోవు మార్గమున నున్నది. సమీపముననే క్షేత్రయ్య పదములలో నిలిచిన మువ్వ గ్రామము కలదు. తూర్పున మచిలీపట్టణము, ఉత్తరమున గుడివాడ, దక్షిణమున కృష్ణానది పాయల నడుమ దివిసీమ. ఆ సీమలోనే శ్రీకాకుళాంధ్రదేవుని ఆలయము కలదు. కాసుల పురుషోత్తమ కవి ఆ దేవునిపై ఆంధ్రనాయక శతకమును రచించెను. నిందవలె వినిపించి స్తుతిగ పరిణమించుట, స్తుతివలె వినిపించి నిందగ పరిణమించుట ఆ శతకమున ప్రాణము. దేవునితోనైనను వ్యాజముగ మాటలాడవచ్చునని యెఱిగిన శ్రోతలు ఈ ప్రాంతమువారు. ఒక మాటకు రెండర్థములు గ్రహించుట వారికి పండితులు నేర్పవలసిన విద్య కాదు. కలాపములందలి పరిహాసము ఇట్టి శ్రోతల నుద్దేశించి పుట్టినదని ముందుగ గుర్తుంచుకొనవలెను.

కూచిపూడివారి ప్రదర్శనమునకు సామాజికుడు ఎట్లు స్పందించెనో తెలుపు మిక్కిలి పాత కథనము మాచుపల్లి కైఫీయతులో కలదు. సిద్ధవటము సీమ నేలిన సమ్మెట గురవరాజు ధనము రాబట్టుటకై స్త్రీలను, వారి వక్షమునకు హింసాసాధనములు తగిలించి, క్రూరముగ బాధించెడివాడట. ఆ సీమలో సంచరించుచున్న కూచిపూడి భాగవతులు ఆ ఘోరమును చూచి, విజయనగరమునకు పోయి, వీరనరసింహరాయల యెదుట కేళికలో ప్రదర్శించిరట. ఒకరు గురవరాజు వేషమును, ఒకరు స్త్రీ వేషమును, మఱికొందఱు భటుల వేషములను ధరించిరి. రాయలు విషయమును విచారించి, గురవరాజును పట్టి తెప్పించి మరణదండన విధించెనని కైఫీయతు చెప్పుచున్నది. వీరనరసింహరాయలు 1505 నుండి 1509 వఱకు పాలించెను. కైఫీయతు తరువాతి కాలమున వ్రాయబడినది గనుక అందలి ప్రతి వివరమును చరిత్రగ గ్రహింపరాదు. అయినను కూచిపూడివారి పూర్వవృత్తాంతమును చెప్పువారందఱు ఆశ్రయించు ఈ కథనము స్త్రీ హింసను గూర్చినదగుట విస్మరింపరాని విషయము. పురుషుడు స్త్రీ వేషము ధరించెను. సభలో ఎవ్వరును నవ్వలేదు. ప్రభువు విచారణ చేసెను. వేషము ఒక్కటే యైనను సామాజికుని చిత్తమున పుట్టు ఫలము వేఱుగ నుండునని దీనివలన తెలియుచున్నది.

ఇక భామాకలాపము. దీని కర్త 17వ శతాబ్ది వాడుగ చెప్పబడు సిద్ధేంద్రయోగి. కూచిపూడి భాగవతుల కుటుంబములలో పుట్టిన ప్రతి పురుషుడును జన్మమున ఒక్కసారియైన సత్యభామ వేషము వేయవలెనను నియమము ఆయన పేరనే ప్రచారములో నున్నది. కథ స్వల్పము. తమ ఇరువురిలో ఎవరు సుందరులను వివాదము సత్యాకృష్ణులకు కలుగును. కృష్ణుడు విడిచిపోవును. సత్యభామ విరహము ననుభవించి, చెలికత్తెయైన మాధవిచే లేఖ పంపును. తుదకు సమాగమము. కథానాయకుడు రంగముపై నిలుచు కాలము మిక్కిలి తక్కువ. రాత్రి యంతయు సత్యభామదియు మాధవిదియు. ఇద్దఱు స్త్రీల సంభాషణమే రూపకమునకు దేహము. ఆ ఇద్దఱిని నటించువారు పురుషులు. వినువారిలో స్త్రీలును పురుషులును కలరు. ఈ నాలుగు అంశములను కలిపి చూచినగాని అందలి హాస్యస్వరూపము తెలియదు.

సత్యభామ ప్రవేశమునకు ముందు తెరపై నుండి ఆమె జడ వ్రేలాడును. అభినయమున తనను గెలువగల పండితుడు సభలో నున్నచో ముందునకు వచ్చి ఈ జడను కోయవచ్చునని ఆ జడకు సంప్రదాయజ్ఞులు అర్థము చెప్పుదురు. రూపకము మొదలు కాక పూర్వమే సామాజికునికి ఒక స్త్రీ పాత్రము నుండి సవాలు వచ్చినదన్న మాట. చూడవచ్చినవాడు చూడబడినవాడయ్యెను. గర్వముగల స్త్రీని చూచి నవ్వుకొనవచ్చునని వచ్చి కూర్చున్నవానికి ఆ గర్వము పాండిత్యమునకు సంబంధించినదని మొదటనే తెలియజేయుటలో రంగప్రయోక్తల నేర్పు కలదు.

మాధవి పరిహాసములలో మూడింటిని మాత్రము ఇచట పరిశీలింతును. మొదటిది భర్త పేరు చెప్పించుట. కృష్ణుని పిలుచుకొని రమ్మని సత్యభామ కోరగా, ఆయన పేరేమని మాధవి యడుగును. భర్త పేరు నోట పలుకరాదను ఆచారమునకు లోబడి సత్యభామ సిగ్గుపడును. సంకేతములతో చెప్ప జూచును. మాధవి ఏమియు తెలియనట్లు నటించును. జగత్తునకంతకు నామస్మరణమే మోక్షమార్గమైనవాని పేరును ఆయన భార్య మాత్రము పలుకరాదు! ఇంతకు మించిన వ్యాజోక్తి వేఱుండదు. తెలుగు పెండ్లిండ్లలో గృహప్రవేశ సమయమున వధూవరులచే పేర్లు చెప్పించు వేడుక కలదు. ఆ వేడుకలో తాము పడిన సిగ్గు సభలోని స్త్రీలకు జ్ఞాపకము వచ్చును. పురుషుడు సత్యభామ ముగ్ధత్వమునకు నవ్వును. స్త్రీ తాను మోయుచున్న నియమమునకు నవ్వును. ధ్వని ఒక్కటే, లక్ష్యములు రెండు.

రెండవది లేఖ. విరహిణియైన సత్యభామ తన మాటను తానే వ్రాసి పంపుచున్నది. బాలికలకు అక్షరములు నేర్పిన విధవలగుదురని ఇండ్లలో పెద్దలు వెఱచుచున్న కాలమున, వ్రాయు స్త్రీని కథానాయికగ చేసి ఊరి నడిబొడ్డున నిలిపినది ఈ కలాపము. అందు హాస్యమున్నది, కాని అది వ్రాతపై కాదు, వ్రాత చేరుటలోని చిక్కుపై. ఇదే మండలమున, మచిలీపట్టణములో, భండారు అచ్చమాంబ ఓరుగంటి సుందరీరత్నమాంబతో కూడి 1902లో బృందావన స్త్రీ సమాజమును స్థాపించినది. అదే సంవత్సరమున ఆమె ‘స్త్రీ విద్య’ అను కథను భార్యాభర్తల సంభాషణ రూపమున రచించినది. కలాపమునకును ఆ కథకును జన్యజనక సంబంధము కలదని నా అభిప్రాయము కాదు. అయితే సంవాదము ద్వారా స్త్రీ విషయమును చర్చించు పద్ధతి ఈ ప్రాంతపు శ్రోతలకు క్రొత్తది కాదని చెప్పుటకు ఇది చాలును.

మూడవది ముక్కర. లేఖను కొనిపోవుటకు ప్రతిఫలముగ మాధవి సత్యభామ ముక్కరను అడుగును. ఇతరాభరణములు ఏవి యిచ్చినను ఒప్పుకొనదు. ముక్కర ముత్తైదువ చిహ్నము. భర్తను తిరిగి పొందుటకై భార్యాత్వచిహ్నమునే పణముగ పెట్టవలసి వచ్చినది. పైకి ఇది ఆశబోతు చెలికత్తె చేష్టవలె కానవచ్చును. లోన చూచినచో, అలిగి విడిచిపోయినవాడు ఏమియు కోల్పోడు; విడువబడినది మాత్రము ఒక్కొక్క వస్తువే కోల్పోవలెను అను లోకన్యాయము ఇచట ఆవిష్కరింపబడినది. సత్యభామ వెనుకాడుట, వాదించుట, తుదకు ఇచ్చుట అను క్రమము దీర్ఘముగ సాగును. ఆ దైర్ఘ్యమే దీనికి బలము. మొదట నవ్విన సభ, ఆమె ముక్కునుండి ముక్కర తీయునప్పటికి నిశ్శబ్ద మగునట్లు ఈ ఘట్టమును నడుపవచ్చును. నడుపని నటుని చేతిలో ఇది వట్టి బేరసారముగ మిగులును.

ఈ మూడు ఘట్టములను కలుపు సూత్రము మాధవి పాత్రము. సూత్రధారుడే మాధవి. సత్యభామతో మాటలాడునపుడు మాధవి. కృష్ణునితో మాటలాడునపుడు మాధవుడు. వేషము మారదు, సంబోధనము మాత్రమే మారును. స్త్రీత్వ పుంస్త్వములు వస్త్రములలో లేవు, ఎదుటివాడు పిలిచిన పిలుపులో నున్నవి అను భావము ఇంత సులభముగ ప్రదర్శించిన పాత్రము మన రూపకవాఙ్మయమున అరుదు. హర్షిత కామత్ గారి ఆంగ్ల గ్రంథము 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయము నుండి వెలువడినది. కూచిపూడి స్త్రీ వేషధారణము బ్రాహ్మణ పురుషత్వమును నిలుపుకొను సాధనమని, ఆ పురుషత్వము సహితము ఒక కల్పితమేయని ఆ గ్రంథము ప్రతిపాదించినది. సత్యభామ వేషమునందు గౌరవము, మాధవి వేషమునందు ప్రశ్న నిక్షిప్తములై యున్నవని గ్రహించినచో ఆ ప్రతిపాదనకు రూపకము నుండియే బలము చేకూరును.

పురుషుడు స్త్రీ వేషము ధరించినపుడు సభలో పుట్టు నవ్వు రెండు తెఱగులు. వేషము కుదరనందువలన పుట్టునది మొదటిది. గుడివాడ ప్రాంతమునందలి నిమ్మకూరున జన్మించిన నందమూరి తారకరామారావు విజయవాడలో కళాశాల విద్యార్థిగ నున్నపుడు విశ్వనాథ సత్యనారాయణగారి యాజమాన్యమున ‘రాచమల్లు దౌత్యము’లో నాగమ్మ పాత్రము ధరించుచు మీసము తీయుటకు ఒప్పుకొనలేదు. అందువలన ‘మీసాల నాగమ్మ’ అను పేరు వచ్చినది. స్త్రీ పాత్రము ధరింపవచ్చును గాని పురుష చిహ్నమును విడువరాదను ఆ పట్టుదలయు, దానిని మెచ్చుకోలుగ జ్ఞాపకముంచుకొన్న లోకమును కలిసి ఒక వ్యాఖ్యానమును చేయుచున్నవి. అదే గుడివాడ ప్రాంతమువాడైన అక్కినేని నాగేశ్వరరావు తొలినాళ్ళలో నాటకములందు స్త్రీ పాత్రములనే ధరించి పేరు గడించెను. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్కల తగవునకు పుట్టు నవ్వును ఈ మొదటి తెఱగులోనిదే. అచట దెబ్బ పడిన చప్పుడే హాస్యము. ఎవరి దెబ్బ, ఎందుకు పడినది అను విచారమునకు తావు లేదు.

రెండవ తెఱగు నవ్వు వేషము సంపూర్ణముగ కుదిరినపుడు పుట్టును. 2012లో దివంగతులైన వేదాంతము సత్యనారాయణశర్మగారు సత్యభామగ కూచిపూడి రంగమున శాశ్వతకీర్తి నార్జించిరి. 1970లో పద్మశ్రీ బిరుదము నందిరి. బాపట్లవాడైన స్థానము నరసింహారావుగారు పౌరాణిక నాటకములలోని సత్యభామకు అట్టి రూపము కల్పించి, 1956లో పద్మశ్రీని పొందిరి. ఇట్టి నటుడు రంగముపై నున్నపుడు, ఇతడు పురుషుడు అను జ్ఞానము సామాజికునికి పూర్తిగ పోదు, పూర్తిగ నిలువదు. ఆ సందిగ్ధావస్థలో పుట్టు చిఱునవ్వు స్త్రీపై పడదు. తన నిశ్చయములపై తానే నవ్వుకొనుట యగును. భరతుని పరిభాషను కొంత విస్తరించి చెప్పినచో, పరస్థముగ మొదలైన నవ్వు సామాజికునియందు ఆత్మస్థముగ పరిణమించినది. పరిహాస రూపకమునకు పరమప్రయోజన మిదియే యని నా తలంపు.

ఈ పరిణామము లేనిచో పరిహాస మెంత తీవ్రమైనను ఫలము స్వల్పము. కాళ్ళకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ ఇందుకు నిదర్శనము. 1921లో వెలువడిన ఈ నాటకము వరకట్న దురాచారముపై ఎక్కుపెట్టబడినది. లోభియైన సింగరాజు లింగరాజు పాత్రము హాస్యమునకు ఆకరము. కాళింది ప్రాణత్యాగము చేయును. చెల్లెలు కమల మాత్రము, సొమ్మిచ్చి కొన్న వరుడు కొన్నవారి సొత్తే కావలెనని ఎదురువాదము చేయును. ఆమె ప్రత్యుత్తరము నాటకమునకు వెన్నెముక. 1939లో ఇది చలనచిత్రముగ వచ్చినది. ప్రజలు ఆదరించిరి, నవ్విరి. కేంద్ర వరకట్న నిషేధ శాసనము 1961లో గాని రాలేదు. శాసనము వచ్చిన పిదపను కట్నము పోలేదు. కారణమేమనగా లింగరాజును చూచి నవ్వినవాడు తాను లింగరాజు కానని నిశ్చయించుకొని నవ్వెను. ఆ లోభము పొరుగింటి వియ్యంకునిది! కమల మాట నిర్దుష్టమే. కాని సామాజికుని వంక వ్రేలు చూపు మాధవి వంటి పాత్రము ఆ నాటకమున లేదు.

సామాజికుని స్పందనలో ఎవరి నొప్పి లెక్కకు వచ్చును అనునది మఱియొక ప్రశ్న. అదే కవి రచించిన ‘చింతామణి’ నాటకమును 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నిషేధించినది. సుబ్బిసెట్టి పాత్రము తమ కులమును అవమానించుచున్నదని ఆర్యవైశ్యులు చేసిన అభ్యంతరము దానికి హేతువు. ఆ అభ్యంతరము యుక్తమా కాదా అను చర్చ ఇచట అప్రస్తుతము. వేశ్యాకులమున పుట్టిన స్త్రీని కథానాయికగ చేసికొని, నాటకములోను, నాటకమునకు నటులు చేర్చుకొన్న అసభ్యోక్తులలోను తరతరములుగ నవ్వించిన రంగమును గూర్చి, ఆ స్త్రీల పక్షమున పుట్టిన అభ్యంతరముచే మాత్రము నిషేధము రాలేదు. నవ్వబడినవారందఱికి సమానమైన గొంతు లేదని దీని తాత్పర్యము.

కలాపములలో ప్రత్యుత్తరమునకు పరాకాష్ఠ గొల్లకలాపము. 19వ శతాబ్దివాడైన భాగవతుల రామయ్య దీని కర్త. చల్లలమ్ము గొల్లభామకును బ్రాహ్మణునకును జరుగు వాదమే ఇందలి వస్తువు. జాతిచేతను స్త్రీత్వముచేతను తక్కువదని తలపబడిన గొల్లభామ, బ్రాహ్మణుడన నెవ్వడో, యజ్ఞమన నేమియో, పిండోత్పత్తి క్రమ మెట్టిదో విస్తరించి చెప్పును. పిండోత్పత్తిని చెప్పుటలోని వ్యంగ్యమును గమనింపవలెను. శౌచాశౌచములను గూర్చి గర్వించు పురుషునికి, అతడు ఏ గర్భమున ఎట్లు మాసమాసమునకు పెరిగెనో ఒక స్త్రీ వినిపించుచున్నది. మైల యనుచు ఏ దేహమును దూరముంచెనో ఆ దేహమే తనకు మొదటి గృహమని అతడు వినక తప్పదు. ఇచట నవ్వు సందిగ్ధము కాదు. అది బ్రాహ్మణునిపైననే పడును. చిత్రమేమనగా ఆ గొల్లభామ వేషమును ధరించి వాదమున గెలుచువాడును కూచిపూడి బ్రాహ్మణుడే. తన కులగర్వమును తానే స్త్రీ వేషమున ఖండించుకొను ఈ ప్రదర్శనమునకు ఆత్మస్థ హాస్యమన్న పేరు అన్ని విధముల చెల్లును.

ఇట్టి గొల్లకలాపము నేడు రంగముపై అరుదైనది. భామాకలాపము నిలిచినది, కాని అదియు ముక్కలై నిలిచినది. దీనికి కారణమును చరిత్రలో వెదుకవలెను. 1958లో కొత్త ఢిల్లీలో కేంద్ర సంగీత నాటక అకాడమీవారు జరిపిన నృత్యగోష్ఠిలో కూచిపూడికి శాస్త్రీయ నృత్యముగ తగిన గుర్తింపు లభింపలేదను అసంతృప్తి ఆంధ్రులలో ప్రబలినది. మఱుసటి సంవత్సరము హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీవారు ప్రత్యేకగోష్ఠిని ఏర్పాటు చేసి కూచిపూడి శాస్త్రీయత్వమును స్థాపింప యత్నించిరి. 1963లో వెంపటి చినసత్యముగారు మదరాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించిన పిదప శిష్యురాండ్రు అసంఖ్యాకులైరి. అగ్రహారములోని కొన్ని కుటుంబముల పురుషులకు పరిమితమైన విద్య స్త్రీలకు లభించుట నిస్సందేహముగ శ్లాఘ్యమైన మార్పు. కాని ఏకపాత్ర నృత్యసభలకు తగినట్లు కలాపము నుండి సత్యభామ ప్రవేశ దరువు వేఱు చేయబడినది. రాత్రి యంతయు సాగు వాదము కొన్ని నిమిషముల లాస్యమైనది. మాధవి నిష్క్రమించినది.

మాధవి లేని సత్యభామ ఎవరు? తన అందమును తాను చెప్పుకొను ఒక సుందరి. జడ యున్నది, సవాలు లేదు. సిగ్గు ఉన్నది, సిగ్గును ప్రశ్నించువారు లేరు. పేరు చెప్పని ఆచారము అభినయమునకు అలంకారమైనది, వ్యాజోక్తి పోయినది. సభ చప్పట్లు చరచుచున్నది. ఆ చప్పట్లు నర్తకి కౌశలమునకు చెందుట న్యాయమే. కాని పూర్వపు సభ నవ్విన చోట నేటి సభ మురియుచున్నది. పరిహాసమునకు విషయమైన ఆచారము మురిపెమునకు విషయమగుట సాహిత్యదృష్టితో చూచినచో చిన్న మార్పు కాదు. స్త్రీ వేషధారి స్థానమున స్త్రీయే వచ్చినది. అయితే స్త్రీకి సంబంధించిన వాదము మాత్రము వెడలిపోయినది. శాస్త్రీయత్వమునకై హాస్యమును తగ్గించినవారు ఇట్టి ఫలితమును కోరియుండరు; ఫలితము మాత్రము ఇదియే.

ఇందుకు ఒక ప్రబలమైన ఆక్షేపణ కలదు. మాధవి పరిహాసములలో ఉన్నదంతయు వ్యాజోక్తి కాదు. పురుష నటులు పురుష సభకై చేర్చిన మొఱటు మాటలును కలవు. సవతుల కయ్యము గల ప్రదర్శన సంప్రదాయములలో ఇద్దఱు స్త్రీలు తిట్టుకొనుటయే వినోదము. కావున ఆ భాగము పోవుట స్త్రీకి మేలే యని కొంద ఱందురు. ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. సవతుల కయ్యమున ఇద్దఱు స్త్రీలు ఒకరినొకరు నిందించుచుండగా, ఇద్దఱిని పెండ్లాడినవాడు ఎవరి నిందకును గుఱికాక తప్పించుకొనును. ఆ నవ్వు పక్షపాతము గల నవ్వే. కాని రోగమున్న అవయవమునకు చికిత్స చేయుట వేఱు, అవయవమునే తీసివేయుట వేఱు.

ఈ ఆక్షేపణకు మఱియొక సమాధానమును కళావంతుల చరిత్ర ఇచ్చుచున్నది. గోదావరీ ప్రాంతమున కళావంతుల స్త్రీలు భామాకలాపమును ప్రదర్శించుచుండిరి. తొమ్మిది రాత్రుల నవజనార్దన పారిజాత సంప్రదాయము వారిది. అచట సత్యభామ స్త్రీయే. మాటకు మాట చెప్పు సంభాషణము సహితము ఉండెను. స్త్రీలు ఆడినను హాస్యము కలాపమున నిలువగలదని, సంభాషణము స్త్రీ గౌరవమునకు భంగకరము కానక్కఱలేదని దానివలన ఋజువగుచున్నది. 1947 నాటి మదరాసు దేవదాసీ నిషేధ శాసనము, అంతకు పూర్వపు సంస్కర్తల ఉద్యమము దుర్మార్గమైన యొక వ్యవస్థను తొలగించుటకు ఉద్దేశింపబడినవి. కాని ఆ వ్యవస్థతో పాటు, సత్యభామ మాటను స్త్రీ నోట వినిపించిన రంగమును క్షీణించినది. తరువాత వచ్చిన నర్తకీమణులకు పాదములు, హస్తములు, నేత్రములు దక్కినవి, వాక్కు దక్కలేదు. వాచికాభినయము కూచిపూడికి ప్రత్యేక లక్షణమని ఎల్లరు అంగీకరించుచునే, ఆ వాచికమున సారభూతమైన వాదమును మఱచుట విరుద్ధముగ నున్నది.

ఇప్పుడు చేయదగిన పని రెండు విధములు. మొదటిది గ్రంథ పరిష్కరణమునకు సంబంధించినది. కలాపములలో దరువులు, పద్యములు స్థిరమైనవి. సంభాషణములలో అధికభాగము నటుని వాక్కుపై ఆధారపడినది. పరిష్కర్త దరువులను పాఠాంతరములతో ముద్రించి, మాధవి మాటలను అవాంతరములుగ భావించి విడిచినచో గ్రంథము సంపూర్ణమైనట్లు కానవచ్చును గాని రూపకము సగమే మిగులును. వృద్ధనటుల నోట మిగిలిన సంభాషణములను, ఏ మాటకు సభ నవ్వినది, ఏ మాటకు స్త్రీలు నవ్విరి, ఏ మాటకు పురుషులు మాత్రమే నవ్విరి అను వివరముతో సహా లిఖించుకొనవలెను. సామాజికుని నవ్వును కూడ పాఠభాగముగ గ్రహించు పరిష్కరణ పద్ధతి మనకు క్రొత్తది. కాని ఇట్టి వాఙ్మయమునకు అది యవశ్యకము.

రెండవది ప్రయోగమునకు సంబంధించినది. ముక్కర ఘట్టమును, పేరు చెప్పించు ఘట్టమును కుదింపక, సత్యభామ మాధవి ఇద్దఱు స్త్రీలే యైనను, ఒకరు పురుషుడైనను, పూర్తిగ ప్రదర్శింపవలెను. మొఱటు మాటలను వివేకముతో తొలగింపవచ్చును, ప్రశ్నలను తొలగింపరాదు. గొల్లకలాపమును తిరిగి రంగమున కెక్కింపవలెను. నేటి సభలో గొల్లభామ పిండోత్పత్తి చెప్పుచుండగా నవ్వువారెవరు, నొచ్చుకొనువారెవరు, మౌనముగ లేచిపోవువారెవరు అని గమనించుటయే మన కాలపు లోకజ్ఞానమునకు మంచి పరీక్ష యగును.

సిద్ధేంద్రుడు సత్యభామ గర్వమును చెప్పెను. అది జీవాత్మ గర్వమని భక్తులు వ్యాఖ్యానించిరి. ఆ వ్యాఖ్యానమును కాదనవలసిన పని లేదు. కాని ఆ గర్వము తీర్చుకొను మార్గమున ఒక స్త్రీ ఎన్ని నియమములను దాటవలసి వచ్చెనో, ఎంత వెల చెల్లింపవలసి వచ్చెనో ఒక్కొక్కటిగ లెక్కపెట్టి చూపినది మాధవి. ఆ లెక్కకు నవ్వవలెనా సిగ్గుపడవలెనా అను నిర్ణయమును ఆమె సభకే విడిచినది. ఆమెను రంగము నుండి పంపివేసిన పిదప ఆ నిర్ణయము చేయు భారము సభకు లేకపోయినది. మాధవిని తిరిగి పిలుచుకొనుట నటుల బాధ్యత మాత్రమే గాక, కలాపములను సాహిత్యముగ పఠించు మనవంటివారి బాధ్యతయు నైయున్నది.